మాలపల్లి రామదాసు ఇల్లు

శ్రీ అమరేశ్వరస్వామివారి దర్శనార్థం గుంటూరు నుంచి గానీ, సత్తెనపల్లి నుంచి గానీ వచ్చే యాత్రికులకు దారికి ఇరుప్రక్కలా నల్లరేగడి చేలు కనిపిస్తాయి. ఋతువును బట్టి ఒకప్పుడు తెల్లగా విచ్చిన పత్తి, మరొకప్పుడు కల్లాలలో ఎర్రగా ఆరబోసిన మిరప. కృష్ణా తీరాన ఈ క్షేత్రానికి ఉన్న ప్రాచీనత గురించి, పంచారామాలలో దీని స్థానం గురించి ఎన్నో గ్రంథాలు వచ్చాయి. ఈ మాసం మాత్రం క్షేత్రం చుట్టూ ఉన్న ఆ చేలలో పనిచేసిన మనుషుల నుంచి పుట్టిన ఒక నవలను పాఠకులకు పరిచయం చేయదలచాము. దాని పేరు ‘మాలపల్లి’. ఆలయ పత్రికలో నవలకు చోటెందుకని కొందరు అడుగవచ్చు. ఆ నవలకు కేంద్రం ఒక భక్తుని ఇల్లు. ఆ ఇంటికి వచ్చిన కష్టాలు, ఆ కష్టాలలో ఆ భక్తి ఏ పని చేసింది, ఏ పని చేయలేకపోయింది అన్నదే దాని కథ. ఇంతకంటె ఆలయ పత్రికకు తగిన విషయం అరుదు.

గ్రంథకర్త ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు గారు. 1877లో నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు గ్రామంలో జన్మించారు. అమరావతి కూడా ఆ రోజులలో ఆ తాలూకాలోనిదే గనుక ఆయనను మన క్షేత్రానికి పొరుగూరివారని చెప్పుకోవడంలో తప్పులేదు. యౌవనంలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి ప్రభావానికి లోనై గుంటూరులో వితంతు వివాహాలకు పూనుకున్నారు. ఐర్లండు దేశంలోని డబ్లిను నగరానికి వెళ్ళి న్యాయశాస్త్రం చదివి బారిస్టరుగా తిరిగివచ్చారు. అటుపిమ్మట సహాయ నిరాకరణోద్యమం వచ్చింది. ఆయన జీవితం కోర్టు వైపు కాక జైలు వైపు నడిచింది.

జైలుకు వెళ్ళిన కారణం కూడా ఈ సీమదే. పల్నాటి అడవులలో పశువులను మేపుకొన్నందుకు ప్రభుత్వం ‘పుల్లరి’ అనే పన్ను వసూలు చేసేది. తరతరాలుగా ఆ అడవి మీదనే బ్రతికిన రైతుకు తన ఆవును మేపుకొనడానికి రుసుము చెల్లించవలసి రావడం అన్యాయంగా తోచింది. చెల్లించము అన్నారు. మించాలపాడు గ్రామానికి చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకి గుళ్ళకు బలియైనది ఆ సత్యాగ్రహంలోనే. ఆ ఉద్యమంలో పాల్గొన్నందుకు ఉన్నవ వారికి శిక్షపడింది. రాయవెల్లూరు జైలులో ఆ శిక్ష అనుభవిస్తూ ఆయన వ్రాసినదే ‘మాలపల్లి’. దీనికి ‘సంగవిజయము’ అని రెండవ పేరు కూడా ఉన్నది. ఆ పేరులో ఉన్న ‘సంగ’ శబ్దం గురించి ముందు ముందు చెప్పుకొందాము.

1922లో అచ్చయిన ఈ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కూలివారిని రెచ్చగొడుతుందన్నది దొరతనంవారి భయం. కొన్ని మార్పులతో మళ్ళీ వెలువడింది. మళ్ళీ నిషేధానికి గురైంది. 1937లో రాజాజీ నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన పిమ్మటనే ఆ చెర తొలగింది. ఒక భక్తుని సంసార గాథకు ప్రభుత్వం అంతగా భయపడిందంటే, ఆ భక్తి కేవలం తులసికోట దగ్గర ఆగిపోయేది కాదని మనం గ్రహించవచ్చు.

రచన జరిగినప్పుడు అది సమకాలీన గాథ. నేటికి నూరేళ్ళు దాటినవి గనుక మనకు అది చారిత్రక నవల. అందులోని కూలి రేట్లు, కోర్టులు, జైళ్ళు, సెటిల్మెంట్లు, పల్లెటూళ్ళ మాటతీరు ఏ శాసనంలోనూ దొరకనంత వివరంగా అక్కడ భద్రమై ఉన్నాయి. పండితులు గ్రాంథికాన్ని వదలని కాలంలో ఆయన గుంటూరు సీమ ప్రజల నోటి మాటనే కాగితం మీద పెట్టారు.

మంగళాపురంలో రెండు ఇళ్ళు

కథ జరిగే ఊరు మంగళాపురం. ఊరికి ఎడంగా మాలపల్లి. అందులో రామదాసు అనే గృహస్థు, ఇల్లాలు మహాలక్ష్మి, బిడ్డలు ఉంటారు. కొద్దిపాటి భూమి ఉన్నది. రామదాసు తత్త్వం తెలిసినవాడు. గీతార్థం, వేదాంత విచారం, భజన అతని దినచర్యలో భాగం. ఊరివారికి అతడు అస్పృశ్యుడు. పాఠకునికి మాత్రం ఆ ఊరిలో జ్ఞాని అనదగినవాడు అతడొక్కడే అని పుస్తకం తెరిచిన కొద్దిసేపటికే తెలిసిపోతుంది. రచయిత ఈ మాట ఎక్కడా గొంతు పెంచి చెప్పరు. రామదాసు మాట్లాడే తీరును, అతడు మౌనంగా ఉండే తీరును చూపించి ఊరుకుంటారు.

రెండవ ఇల్లు ఊరిలోని మోతుబరి చౌదరయ్యది. రామదాసు కొడుకు సంగదాసు ఆ ఇంట పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి సంగదాసు ప్రాణస్నేహితుడు. ఇద్దరూ కలిసి దేశం సంగతులు, లోకం సంగతులు మాట్లాడుకొంటారు. పాలేరు, యజమాని కొడుకు అన్న భేదం వారి మధ్య నిలువదు. చౌదరయ్యకు అది గిట్టదు.

తగవు కూలి దగ్గర వస్తుంది. దీనిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఏలయనగా నవలకు ఇరుసు ఇదే. పూర్వం వ్యవసాయపు కూలి ధాన్యరూపంలో ఉండేది. జొన్నలు గానీ వడ్లు గానీ ఇన్ని మానికలు అని కొలిచి ఇచ్చేవారు. 1914లో ఐరోపాలో మొదలైన మహాయుద్ధం వల్ల తిండిగింజల ధరలు పెరిగాయి. అప్పుడు రైతుకు ఒక ఆలోచన తట్టింది: గింజలు అమ్మితే ఎక్కువ వస్తున్నది, కూలివానికి రొక్కమిస్తే సరిపోతుంది గదా అని. ఉదాహరణకు, రోజుకు రెండు శేర్ల జొన్నలు పుచ్చుకొనే మనిషికి పాత ధర చొప్పున డబ్బు లెక్కగట్టి చేతిలో పెట్టినారనుకొందాము. బజారులో జొన్నల ధర రెట్టింపైతే ఆ డబ్బుకు ఒక్క శేరే వస్తుంది. పని తగ్గలేదు, కూలి తగ్గించినట్లు ఎవరూ అనలేదు. కాని కుండలో గింజలు సగమైపోయినవి. ఇది దౌర్జన్యంగా కనిపించని దౌర్జన్యం. సంగదాసు ఈ లెక్కను తనవారికి విడమరచి చెబుతాడు. గింజలే కొలవాలని కూలివారు కట్టుగా నిలుస్తారు.

కోపావేశంలో చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు ప్రాణం పోతుంది.

ఇక్కడి నుంచి రామదాసు ఇల్లు ఒక్కొక్క మెట్టే దిగజారుతుంది. ఉన్న భూమి వ్యాజ్యాలలో చేజారుతుంది. మరొక కొడుకు వెంకటదాసు తండ్రి దారి విడిచి ‘తక్కెళ్ళ జగ్గడు’ అనే పేరుతో ధనికులను దోచి పేదలకు పంచే దొంగగా మారతాడు. కొడుకు చేసిన పనికి ఇంటిల్లిపాదీ అనుమానితులవుతారు. నేరస్థులని ముద్రవేసి కుటుంబాలను నిర్బంధించే సెటిల్మెంటు బ్రతుకు వారికి దాపురిస్తుంది. కూతురు జ్యోతి బ్రతుకు నడుమనే ఆరిపోతుంది. వెంకటదాసు జైలులోనే కన్నుమూస్తాడు.

సెటిల్మెంటు అనగానే నేటి పాఠకులకు తెలియకపోవచ్చు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేసింది. దాని ప్రకారం కొన్ని కులాలవారిని పుట్టుకతోనే దొంగలుగా లెక్కకట్టవచ్చు. వారు ఊరు దాటాలంటే అనుమతి కావాలి, హాజరు వేయించుకోవాలి. మద్రాసు రాజధానిలో ఇది 1911 తరువాత అమలులోకి వచ్చింది. బాపట్లకు చేరువలోని స్టూవర్టుపురం అటువంటి సెటిల్మెంటుగానే ఏర్పడింది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ దానిని నడిపింది. 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. అంటే ఉన్నవ వారు వ్రాసినది కల్పితమైన నరకం కాదు. ఆయన పాఠకులలో చాలామంది రైలులో పోతూ కిటికీలోంచి చూసిన ఊరి వంటిదే.

తండ్రి దారి, కొడుకు దారి

ఇన్ని కష్టాలలోనూ రామదాసు పగ పట్టడు. భక్తి గ్రంథాలు చదివే మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు. ప్రహ్లాదుని కథ, హరిశ్చంద్రుని కథ చిన్ననాటి నుంచి విన్నవారమే. అయితే ఆ పౌరాణిక గాథలకూ ఈ నవలకూ ఒక ముఖ్యమైన భేదమున్నది. హరిశ్చంద్రునికి చివరకు లోహితాస్యుడు బ్రతికివస్తాడు, రాజ్యం తిరిగివస్తుంది. రామదాసుకు సంగదాసు తిరిగిరాడు. దేవుడు ప్రత్యక్షమై పోయినదంతా ఇచ్చివేయడం ఈ నవలలో లేదు. ఆ తండ్రి నమ్మకానికి ప్రతిఫలం ఏమీ కనిపించకపోయినా ఆ నమ్మకం నిలిచే ఉంటుంది.

మరి వెంకటదాసు? తమ్ముడో అన్నో చచ్చినప్పుడు, ఇల్లు గుల్లయినప్పుడు, తండ్రి ‘సర్వం ఈశ్వరేచ్ఛ’ అని ఊరుకుంటే రక్తం ఉడికే కొడుకు ప్రతి ఇంటిలోనూ ఉంటాడు. రచయిత అతనిని దుష్టునిగా చిత్రించలేదు. అతని కోపానికి కారణమున్నదని ఒప్పుకొంటారు. ఆ కోపం ఎంచుకొన్న దారి చివరకు ఎవరి మీద పడుతుందో కూడా చూపిస్తారు. దోపిడి చేసినది కొడుకు, కాపలాలో మగ్గినది తల్లిదండ్రులు.

ఈ నవలను భక్తిపరంగా వ్యాఖ్యానించేవారు ఒక పొరపాటు చేసే ప్రమాదమున్నది. రామదాసు ఓర్పును మెచ్చుకొంటూ, పేదవారు ఇలాగే అన్నీ ఓర్చుకోవాలని ఉన్నవ వారు బోధించినట్లు చెప్పడం. మా దృష్టిలో అది గ్రంథానికి చేసే అపచారం. కూలివారు గింజలు అడగడం న్యాయమేనన్న విషయంలో రచయితకు సందేహం లేశమాత్రమూ లేదు. ‘సంగవిజయము’ అన్న పేరు ఓర్చుకొన్న తండ్రిది కాదు, అడిగి ప్రాణమిచ్చిన కొడుకుది. ఆ పేరులో చమత్కారం కూడా ఉన్నది: సంగదాసు పేరులోని ‘సంగ’ శబ్దం విన్నవారికి పదిమంది కూడిన సంఘం స్ఫురిస్తుంది. రామదాసు వదులుకొన్నది పగను మాత్రమే. న్యాయాన్ని అతడు వదులుకోలేదు.

ఆ భేదం చిన్నదిగా కనిపిస్తుంది. కష్టపడిన కుటుంబాలలో మెలగినవారికి అది ఎంత కఠినమో తెలుసు. పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములు మాట మానుకొని, పిల్లల పెళ్ళిళ్ళకు కూడా పిలుచుకోని ఇళ్ళు మన జిల్లాలలో ఎన్ని లేవు? అక్కడ న్యాయం ఒకరిదే కావచ్చు. కాని పగ మాత్రం ఇద్దరి పిల్లలకూ వారసత్వంగా వస్తుంది.

గాయం మానిన తీరు

నవలలో అసలైన మలుపు రామానాయుడిది. తన తండ్రి చేతిలో తన స్నేహితుడు మరణించాడు. ఆ క్షణంతో అతని ఇల్లు కూడా లోపల విరిగిపోయింది. అతని సంసారం వేరొక విధంగా చెడింది. భార్య కమల మరొకరితో వెళ్ళిపోతుంది. ధనమున్న ఇంటి కష్టం, ధనం లేని ఇంటి కష్టం పక్కపక్కన పెట్టి చూపడం ఉన్నవ వారి నేర్పు. చౌదరయ్యకు భూమి పోలేదు, మనశ్శాంతి పోయింది.

రామానాయుడు చేసిన పని ఏమిటంటే, చనిపోయిన స్నేహితుడు మొదలుపెట్టిన పనిని తాను ఎత్తుకొన్నాడు. తన వర్గానికీ తన తండ్రి పద్ధతికీ ఎదురు నిలిచి కూలివారి పక్షాన నిలబడ్డాడు. సంగదాసు పేరిట సంగపీఠం వెలుస్తుంది. అది సమాధి కాదు. చదువు, పని, భజన కలిసి సాగే చోటు. కొట్టినవాని కొడుకు చనిపోయినవాని తండ్రికి కొడుకు వంటివాడైనాడు. రామదాసు ఇల్లు మునుపటిలా కూడుకోలేదు. దాని గోడలు పడిపోయి, ఆ చోట పదిమంది కూర్చొనే పందిరి లేచింది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. రామదాసు పగ పట్టి ఉంటే రామానాయుడు ఆ గుమ్మం తొక్కగలిగేవాడు కాదు. రామానాయుడు రాకపోతే రామదాసు క్షమ ఒక గుడిసెలో పుట్టి ఆ గుడిసెలోనే అణగారేది. క్షమించేవాడు ఒక అడుగు, తప్పు చేసిన పక్షంవాడు ఒక అడుగు వేస్తేనే గాయం మానింది. రెండవ అడుగు గురించి మన ప్రవచనాలలో తక్కువగా వింటాము.

ఇదంతా జైలు గదిలో కూర్చొన్న పెద్దమనిషి మధురమైన ఊహ మాత్రమేనా? అలా అనడానికి వీలులేదు. ఆ సంవత్సరాలలో గుంటూరు జిల్లా నిజంగానే అటువంటి పరీక్షలకు లోనైంది. చీరాల, పేరాల గ్రామాలను పురపాలక సంఘంగా చేసి పన్నులు పెంచినందుకు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద వేలాది ప్రజలు ఇళ్ళు విడిచి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకొని నెలల తరబడి ఎండలో, వానలో కాపురాలు చేశారు. ఆయన సేవాదళం పేరు రామదండు. కాషాయ వస్త్రాలు, రుద్రాక్షలు, రామభజన. ఆ ఉద్యమానికి రామనామమే కట్టుబాటు. ఇల్లు విడిచినా కుటుంబం విడిపోకుండా నిలబెట్టినది ఆ సామూహిక భజనేనని ఊహించడానికి పెద్ద కష్టమక్కరలేదు. ఉన్నవ వారి రామదాసు ఆ గాలి పీల్చినవాడే.

గుడి వాకిలి

ఇప్పుడు మనకు కొంత ఇబ్బంది కలిగించే ప్రశ్నకు వద్దాము. ఇంతటి భక్తుడైన రామదాసు 1922లో ఒక పెద్ద దేవాలయానికి వచ్చి ఉంటే గర్భాలయం ఎదుట నిలబడి స్వామిని చూడగలిగేవాడా? చూడగలిగేవాడు కాదు. అప్పటి ఆచారం అతనిని వాకిటనే నిలిపివేసేది. దక్షిణ దేశపు భక్తి సంప్రదాయం దీనికి సమాధానం ఏనాడో చెప్పి ఉన్నది. శ్రీరంగనాథుడు తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజాల మీద ఎక్కించుకొని తెమ్మని ఆదేశించినట్లు వైష్ణవులు చెప్పుకొంటారు. అందుకే ఆయనకు మునివాహనులని పేరు. చిదంబరంలో నందనారును అరువది మువ్వురు నాయనార్లలో ఒకనిగా శైవులు పూజిస్తారు. విగ్రహాలుగా వారిని లోపల ప్రతిష్ఠించుకొని, మనుషులుగా వారి వారసులను బయట నిలిపిన కాలం చాలా దీర్ఘమైనది.

వినుకొండకు చెందిన మహాకవి గుఱ్ఱం జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యం వెలువరించారు. అందులో గుడి ప్రవేశం లేని ఒక నిరుపేద తన మొరను కాశీ విశ్వేశ్వరునికి గబ్బిలం ద్వారా పంపుకొంటాడు. మనిషికి లేని ప్రవేశం ఆ చిన్న ప్రాణికి ఉన్నదన్నది ఆ కావ్యంలోని గుండెకోత. వినుకొండ, వేములూరుపాడు, అమరావతి ఆనాడు ఒకే జిల్లా. ఇరవై సంవత్సరాల వ్యవధిలో ఈ జిల్లావారు ఇద్దరు, ఒకరు నవలలో, ఒకరు పద్యంలో, గుడి వాకిలి దగ్గర ఆగిపోయిన భక్తుని గురించే వ్రాశారు. కాకతాళీయమని దీనిని త్రోసిపుచ్చలేము.

చట్టం నెమ్మదిగా కదిలింది. తిరువాన్కూరు మహారాజు 1936 నవంబరులో తమ సంస్థాన దేవాలయాలను అందరికీ తెరిచారు. 1939లో మధుర మీనాక్షి ఆలయంలో వైద్యనాథయ్యరుగారి నాయకత్వాన ప్రవేశం జరిగింది. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశానికి సంబంధించి చట్టం చేసింది. 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టంతో రాజధానిలోని హిందూ దేవాలయాల వాకిళ్ళు హిందువులందరికీ చట్టరీత్యా తెరుచుకొన్నాయి. ఉన్నవ వారు 1958 వరకు జీవించారు గనుక తన రామదాసు గుడిలోకి నడిచివెళ్ళగల రోజును ఆయన కళ్ళారా చూశారు.

చాపకూడు

ఈ సీమకు ఇంకా పాత జ్ఞాపకం ఒకటి ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాప మీద కూర్చోబెట్టి సహపంక్తి భోజనం పెట్టించినట్లు పల్నాటి వీరగాథలు చెబుతాయి. దానినే చాపకూడు అంటారు. మాల కులానికి చెందిన కన్నమదాసును అతడు కొడుకుగా భావించి సేనాపతిని చేశాడు. పేరు చివర ‘దాసు’ గమనించండి: అది దాసరి భక్తుల పేరు. రామదాసు, సంగదాసు, వెంకటదాసు ఆ పరంపరకు చెందిన పేర్లే.

ఉన్నవ వారికి ఈ సంబంధం తెలియకుండా పోలేదు. ‘నాయకురాలు’ అని పల్నాటి కథ మీద ఆయనే ఒక నాటకం వ్రాశారు. చౌదరయ్య కొడుకు రామదాసుకు కొడుకు వంటివాడు కావడం, బ్రహ్మనాయుడికి కన్నమదాసు కొడుకు కావడం అనే ఈ రెండు కథలను ఎదురెదురుగా పెట్టి చూస్తే నవల మరింత లోతుగా అర్థమవుతుంది. ఒకచోట అగ్రకులపు తండ్రి మాల కొడుకును తెచ్చుకొన్నాడు. రెండవచోట మాల తండ్రి దగ్గరకు మోతుబరి కొడుకే నడిచివచ్చాడు. ఏడు వందల ఏళ్ళకు దారి ఎదురు తిరిగింది.

అమరావతి నుంచి పల్నాడు వైపు యాత్ర సాగించే భక్తులు కార్తిక మాసంలో వెళ్ళగలిగితే నాగులేటి ఒడ్డున కారెంపూడిలో వీరారాధన ఉత్సవాలను చూడవచ్చు. కార్తిక అమావాస్యతో మొదలై ఐదు రోజులు సాగుతాయి. వేరువేరు కులాల వీరాచారవంతులు తమ పూర్వుల ఆయుధాలను పట్టుకొని వస్తారు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. పూర్వం యుద్ధంలో ఒకరినొకరు చంపుకొన్న వంశాల కథను ప్రతి ఏటా పాడుకొని, ఆ తరువాత కలిసి కూర్చొని తినడం ఆ ఊరి పద్ధతి.

దాతలకు ఒక మాట

దాతలైన పాఠకులకు ఉన్నవ వారి జీవితంలో మరొక భాగం ఆసక్తికరంగా ఉంటుంది. నవల అచ్చయిన 1922లోనే ఆయన, సతీమణి లక్ష్మీబాయమ్మగారు గుంటూరులో శారదానికేతనం స్థాపించారు. స్త్రీలకు, ముఖ్యంగా బాల్యంలోనే వైధవ్యం పొంది పుట్టింటికీ మెట్టినింటికీ కాకుండా పోయిన ఆడపిల్లలకు అక్కడ సంస్కృతాంధ్రాలు, చేతిపనులు నేర్పేవారు. నవలలోని సంగపీఠం కాగితం మీదిది. శారదానికేతనానికి మాత్రం గోడలు కట్టాలి, బియ్యం తేవాలి, పంతులమ్మలకు జీతమివ్వాలి. ఆ భారాన్ని దంపతులిద్దరూ దాతల సాయంతో మోశారు. లక్ష్మీబాయమ్మగారు స్వాతంత్ర్య సమరంలో తానూ జైలుకు వెళ్ళివచ్చిన మనిషి.

ఆ దంపతులు ఆదుకొన్న ఆడపిల్లల కుటుంబాలు కూడా ఒక రకంగా రామదాసు ఇళ్ళే. భర్త పోయిన పదేళ్ళ పిల్లను చూసి ఏడ్చే తల్లి, ఊరివారికి జంకి గది తలుపు మూసే తండ్రి. ఆ ఇంట్లో పోయినవాడు తిరిగిరాడు. ఆ పిల్ల చదువుకొని పంతులమ్మయై నెలకొకసారి ఇంటికి వచ్చిననాడు తల్లి మొగం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. నవలలో ఆయన వ్రాసినదీ, ఊరిలో ఆయన చేసినదీ వేరువేరు పనులు కావు.

గ్రంథం పెద్దది. తొందరగా చదివి ముగించేవారికి ఇది తగదు. మధ్యమధ్య పాత్రలు రాజకీయాల గురించి, వేదాంతం గురించి పుటల కొద్దీ చర్చిస్తాయి. నిజం చెప్పాలంటే కొన్ని చర్చలు నేటి పాఠకునికి విసుగు పుట్టించవచ్చు. అవి దాటుకొని వెళ్ళినా కథ తెగదు. రామదాసు, మహాలక్ష్మి మాట్లాడుకొనే ఘట్టాలను మాత్రం దాటవద్దని మనవి. వాటిని బిగ్గరగా చదివితే మరీ బాగుంటుంది. ఇంట్లో గుంటూరు, పల్నాడు ప్రాంతపు పెద్దవారుంటే వారిచేత చదివించుకోండి. ఆ యాస, ఆ సామెతలు, ఆ నిట్టూర్పులు పుస్తకంలో కంటె వారి గొంతులోనే బాగా పలుకుతాయి.